మన్నే కదా అనుకున్నారు!

2013 వేసవిలో వేల్స్ ఈశాన్యాన, చర్క్ ఊరి దగ్గరి ఓ స్థలంలోకి యంత్రం దిగింది. 45 మీటర్ల మేర మట్టిగట్టు చదునైపోయింది. పన్నెండు వందల ఏళ్లకు పైగా నిలిచిన గట్టది. పోలీసులు విచారించారు కానీ కేసు నిలవలేదు. అప్పట్లో 1979 నాటి చట్టం ప్రకారం, రక్షిత కట్టడమని తెలిసే పాడుచేశారని రుజువు చేయాల్సి ఉండేది. ‘నాకు తెలియదు’ అన్నవాడు ఇంటికి వెళ్లిపోగలిగేవాడు.

ఆ గట్టు పేరు ఆఫాస్ డైక్. ఆఫా 757 నుంచి 796 వరకు ఇంగ్లండు నడిబొడ్డున మెర్సియా రాజ్యాన్ని ఏలినవాడు. బాగ్దాద్ ఖలీఫా దీనారును అచ్చుగుద్దినట్టుండే నాణేన్ని కొట్టించి, అరబ్బీ అక్షరాల నడుమ తన పేరు వేయించుకున్న ఘనుడు కూడా! వేల్స్‌కూ తన రాజ్యానికీ మధ్య సముద్రం నుంచి సముద్రం దాకా కట్ట వేయించాడని, అతను పోయిన వందేళ్లకు ఆసర్ అనే మతగురువు రాశాడు. ఇవాళ మిగిలింది దాదాపు 130 కిలోమీటర్లు. కందకం తవ్విన మట్టినే పక్కన గట్టుగా పోశారు. కందకం పడమటి వైపు, అంటే వేల్స్ వైపు ఉంది. గట్టెక్కితే అటువైపు లోయలన్నీ కనిపిస్తాయి. కట్టించినవాడు ఎవరిని కనిపెట్టి చూడాలనుకున్నాడో వేరే చెప్పాలా?

అసలు కథ గట్టు అడుగున ఉంది. చర్క్ దగ్గరే పురావస్తు పరిశోధకులు తవ్వి, పచ్చికపెళ్లల పొరలకు రేడియోకార్బన్ పరీక్ష చేయించారు. ఆ పొరలు ఐదో శతాబ్దానికీ ఏడో శతాబ్దపు నడిమికీ మధ్యవని 2014లో తేలింది. అంటే కొంత భాగమైనా ఆఫా పుట్టకముందే మొదలై ఉండొచ్చు. రాతికోట కూలితే రాళ్లు ఏరి మళ్లీ పేర్చవచ్చు. మట్టిపొరలు ఒకసారి కలిసిపోతే వాటి కాలం చెప్పే సాక్ష్యం పోయినట్టే. చర్క్‌లో జరిగిన నష్టం అదీ.

యంత్రాలు రాని చోట నాగళ్లు, కుందేళ్ల బొరియలు, చెట్ల వేళ్లు, గొర్రెల డెక్కలు గట్టును నెమ్మదిగా తింటున్నాయి. 1971లో తెరిచిన, కొంత దూరం గట్టు వెంటే సాగే 285 కిలోమీటర్ల నడకబాట దీనికి పేరు తెచ్చింది, కొన్నిచోట్ల అరుగుదలా తెచ్చింది.

2016లో వేల్స్ శాసనసభ చట్టాన్ని మార్చింది. ఇప్పుడు తెలియదంటే చాలదు, తెలుసుకోవడానికి తగిన ప్రయత్నం చేశానని చూపాలి. మంచి మార్పే, కానీ చర్క్ గట్టుకు మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది.

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు సరిహద్దు ఊరు నైటన్‌కు రైల్లోనే వెళ్లి ఈ గట్టు చూడొచ్చు. గుర్తులు పెట్టిన బాట మీదే నడవండి. ఫొటో కోసం గట్టు అంచులెక్కకండి.