పెన్సిల్‌తో కన్ను గీయడం: మీకు తెలుసా?

బొమ్మలంటే ఇష్టమున్న పిల్లల నోటుపుస్తకం తిరగేయండి. చివరి పేజీల్లో ఎక్కడో ఒక కన్ను కనిపిస్తుంది. బాదంగింజ ఆకారం, మధ్యలో నల్లటి గుండ్రం, పైన వరుసగా నిలబెట్టిన రెప్పవెంట్రుకలు. కన్నేనని ఎవరైనా పోల్చుకుంటారు గానీ అందులో చూపు ఉండదు. చెయ్యి తిరగకపోవడం వల్ల వచ్చే లోపం కాదిది. కన్ను ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసనుకుని, ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండానే గీసేస్తాం. నిదానించి చూస్తే కన్ను ఎన్ని ఆశ్చర్యాలు దాచుకుందో!

● తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. కొత్తగా గీసేవాళ్లందరూ తడబడేది ఇక్కడే. తెల్లగుడ్డు అనే పేరును నమ్మి ఆ భాగాన్ని ఖాళీ కాగితంగా వదిలేస్తారు. కన్ను ఒక గోళం. గోళం మీద వెలుగు పడితే అంచులు నీడలోకి జారాలి. పైగా పైరెప్ప, దాని వెంట్రుకలు కలిసి తెల్లగుడ్డు పైభాగం మీద నీడ పరుస్తాయి. ఒక ఫొటోలోని కంటి పక్కన తెల్లకాగితం ముక్క పెట్టి చూడండి, ఆ తెలుపు ఎంత బూడిదరంగో తెలిసిపోతుంది. అందుకే గట్టి పెన్సిల్‌తో, అంటే హెచ్‌తోనో 2హెచ్‌తోనో, రెండు మూలలా, పైరెప్ప కిందా పల్చగా నీడ వేయాలి. కాగితపు అసలు తెలుపును ఒక్క మెరుపుచుక్క కోసం దాచుకోవాలి. నన్నడిగితే పెన్సిల్ కన్నుకు ప్రాణం పోసే పని సగం ఇక్కడే అయిపోతుంది.

● చారడేసి కళ్లున్న అమ్మాయి కనుగుడ్డుకీ, చిన్న కళ్లున్న అమ్మాయి కనుగుడ్డుకీ పరిమాణంలో పెద్ద తేడా ఉండదు. పెద్దవాళ్లలో కనుగుడ్డు వ్యాసం దాదాపు 24 మిల్లీమీటర్లు. పుట్టిన బిడ్డకు 16, 17 మిల్లీమీటర్లు ఉంటుంది. కన్ను పెద్దదా చిన్నదా అన్నది రెప్పలు ఎంత తెరుచుకున్నాయన్న దాన్ని బట్టే. ఆ తెరుపు సుమారు 30 మిల్లీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల ఎత్తు. మనకు కనిపించేది గోళంలో చిన్న భాగమే. కాబట్టి ముందు పల్చగా గోళం గీసుకుని, దాని మీద రెప్పలు కప్పినట్టు గీస్తే ఆకారం దానంతటదే కుదురుతుంది. చిత్రకారుడు బాపు నాలుగు గీతల్లో తేల్చిన విశాలనేత్రాల దారి వేరు, అక్కడ గీతే సర్వస్వం. నీడలతో నిజమైన కన్నును తేవాలంటే మాత్రం గోళాన్ని మరిచిపోకూడదు.

● నల్లగుడ్డు పూర్తి గుండ్రంగా కనిపించదు. దాని వ్యాసం 12 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మామూలుగా చూస్తున్నప్పుడు పైరెప్ప అందులో ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పేస్తుంది, కిందిరెప్ప అంచును తాకీ తాకనట్టు ఉంటుంది. మొత్తం గుండ్రాన్ని గీశారో, ఆ మనిషి ఉలిక్కిపడినట్టో భయపడినట్టో కనిపిస్తాడు.

● కంట్లో మెరిసే చుక్క నిజానికి ఒక కిటికీ. నల్లగుడ్డు ముందు గాజులా ఉబ్బి ఉండే కార్నియా చిన్న కుంభాకార అద్దంలా పనిచేస్తుంది. గదిలో కిటికీ ఉంటే కిటికీ ఆకారమే అందులో పడుతుంది, దీపం ఉంటే దీపం. కంట్లో ఇలా పడే ప్రతిబింబాలను చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 1823లో వర్ణించాడు. కార్నియా మీద, లోపలి కటకం మీద కలిపి నాలుగు ప్రతిబింబాలు. వాటికి ఇప్పటికీ ఆయన పేరే. చిత్రకారులు అంతకు మూడు వందల ఏళ్ల ముందే దీన్ని పట్టేశారు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1502లో నీటిరంగుల్లో వేసిన కుందేలు చిత్రం వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. ఆ కుందేలు కంట్లో కిటికీ చట్రం కనిపిస్తుంది!

ఈ మెరుపు దగ్గర ఇంకో రెండు సంగతులున్నాయి. వెలుగు ఎడమ నుంచి వస్తే రెండు కళ్లలోనూ మెరుపు ఎడమ పక్కనే ఉండాలి. ఒక కంటిని తిప్పి రెండో కన్నుగా వేసేవాళ్లు మెరుపును కూడా తిప్పేస్తారు, దాంతో చూపు చెదిరిపోతుంది. రెండోది, కార్నియా గుండా లోపలికి వంగిన వెలుగు నల్లగుడ్డులో మెరుపుకు ఎదురుపక్కన పడుతుంది. మెరుపు పై ఎడమన ఉంటే కింది కుడిభాగం కాస్త తేటగా ఉండాలి. ఈ ఒక్కటీ పాటిస్తే చదునుగా ఉన్న నల్లగుడ్డుకు లోతు వచ్చేస్తుంది.

● కనుపాప ఒక రంధ్రం. మంచి వెలుతురులో 2 నుంచి 4 మిల్లీమీటర్లు, చీకట్లో 8 దాకా విచ్చుకుంటుంది. ఎండలో నిలబడ్డ మనిషికి పెద్ద కనుపాప గీస్తే ఎక్కడో తేడా కొడుతుంది.

● కిందిరెప్పకు మందం ఉంది. చాలామంది ఒక్క గీతతో సరిపెడతారు. నిజానికి కనుగుడ్డుకూ వెంట్రుకల వరుసకూ మధ్య సన్నని అంచు ఉంటుంది, వెలుగు దాని మీద ఆగుతుంది. ఆ అంచు, కనుగుడ్డు కలిసే చోట కన్నీటి తడి సన్నని తెల్లగీతలా మెరుస్తుంది. వెంట్రుకలు మొలిచేది ఆ అంచుకు బయటి కొసన. లోపలి మూలలో గులాబీరంగు కండ ఉంటుంది. అదీ తడిదే, దాని మీదా చిన్న మెరుపు పెట్టాలి.

● పైరెప్పకు సుమారు 90 నుంచి 150 వెంట్రుకలు ఉంటాయి. అన్నీ గీయాలని చూడకండి. రెండు మూడు కలిసి కొసల దగ్గర ముడిపడినట్టు ఉంటాయి, ముందు కిందికి వంగి తర్వాత పైకి లేస్తాయి. పెన్సిల్ మొదలు దగ్గర ఆని, కొసకు వచ్చేసరికి చెయ్యి విసురుగా లేపేయాలి. దువ్వెన పళ్లలా సమానంగా ఉంటే బొమ్మ పాడైనట్టే.

● కళ్లు ఎటు చూస్తున్నాయో కళ్లొక్కటే చెప్పవు. ఇంగ్లండుకు చెందిన శాస్త్రవేత్త విలియం హైడ్ వోలాస్టన్ 1824లో ప్రచురించిన పరిశోధన ఇది. ఒకే జత కళ్ల బొమ్మకు ముక్కు, ముఖం వేరే దిక్కుకు తిప్పి అతికిస్తే, గీత కూడా మారని ఆ కళ్లు మరో దిక్కుకు చూస్తున్నట్టు కనిపించాయి. కన్ను బాగా కుదిరినా చూపు కుదరకపోతే ఒకసారి ముక్కునూ సరిచూసుకోండి.

● మన చిత్రశాస్త్రం కంటిని భావాన్ని బట్టి విడదీసింది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ప్రకారం ధ్యానంలో ఉన్న యోగి కన్ను విల్లులా, స్త్రీల, ప్రేమికుల కన్ను చేపలా ఉండాలి. ఏ వికారమూ లేని కన్నుకు నల్లకలువ రేకు, భయపడి ఏడ్చే కన్నుకు తామరరేకు పోలిక. గుడిలో విగ్రహానికి చివరగా కళ్లు తెరిపించే నేత్రోన్మీలనం మనకు తెలిసిందే.

● పెన్సిల్‌లో సీసం ఉండదు. ఉండేది గ్రాఫైట్, బంకమట్టి. ఆ రెండింటినీ కలిపి కాల్చే పద్ధతికి ఫ్రాన్స్‌లో నికొలా జాక్ కాంటే 1795లో పేటెంట్ తీసుకున్నాడు. మట్టి పెరిగితే మొన గట్టిపడి గీత పల్చబడుతుంది, గ్రాఫైట్ పెరిగితే మెత్తగా, నల్లగా పడుతుంది. కనుపాపకు మెత్తటి 6బీ పెన్సిల్ వాడి అదిమితే గ్రాఫైట్ నిగనిగలాడి, పక్కనుంచి చూస్తే తెల్లగా కనిపిస్తుంది. అందుకే చాలామంది అక్కడ బొగ్గు పెన్సిల్ వాడతారు. రబ్బరు రాకముందు గీతలు చెరపడానికి వాడింది రొట్టెముద్ద!

ఇవాళే ఒక పని చేయండి. పగటిపూట కిటికీ పక్కన అద్దం పెట్టుకుని కూర్చోండి. ఫొటో వద్దు, మీ కన్నే చాలు. ముందు మెరుపు ఎక్కడుందో వెతికి ఆ చోటు వదిలేయండి, తర్వాత తెల్లగుడ్డు నీడలు వేయండి, కనుపాపను చివరికి ఉంచండి. రెప్పవెంట్రుకలకు తొందరపడకండి.