పొలం కొనేముందు అందులోని దారి

పొలాల మధ్య దారులు రెండు రకాలు. గోదావరి జిల్లాల్లో పుంత అనీ, గుంటూరు వైపు డొంక అనీ, తెలంగాణలో బండ్ల బాట అనీ పిలిచేవి సాధారణంగా గ్రామ నక్షాలోనే ఉంటాయి. పోరంబోకుగా నమోదైన దారిని రైతు దున్ని కలుపుకున్నా అమ్మే హక్కు అతనికి ఉండదు.

చిక్కంతా రెండో రకంతోనే: పట్టా భూమిలోంచి పోయే కాలిబాట. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా 20 ఏళ్లు నడిచిన దారిపై పక్క పొలం రైతుకు హక్కు ఏర్పడుతుంది. యజమాని దయతో ఇచ్చిన అనుమతి మీద నడిస్తే ఏర్పడదు. అన్నదమ్ములు పంచుకున్న కమతంలో లోపలి ముక్కకు వేరే దారే లేకపోతే 13వ సెక్షన్ ఆదుకుంటుంది. యజమాని మారినంత మాత్రాన ఈ హక్కులు పోవు.

ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నడకతో పుట్టిన హక్కు కనిపించదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. గ్రామ నక్షా, పొలం కొలతల పటం (ఎఫ్‌ఎంబీ లేదా టిప్పన్) తెచ్చుకుని సర్వేయరుతో కొలిపించాలి. పాత దస్తావేజుల్లో హద్దులు చదవాలి. అన్నిటికన్నా మేలైన పరీక్ష కోతల రోజుల్లో పొలానికి వెళ్లడం: చుట్టుపక్కల ధాన్యం బస్తాలు ఎటునుంచి బయటికొస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది.

దారి ఉందని తేలితే దాని విస్తీర్ణం మినహాయించి ధర మాట్లాడుకోవడం న్యాయం. వెడల్పు, దిశ కొత్త దస్తావేజులో రాయించాలి. కొన్నాక కంచె వేసి మూసేస్తే వ్యవహారం సివిల్ కోర్టుకెక్కుతుంది; ఈలోగా లోపలి రైతు పంట పొలంలోనే చిక్కుకుపోతుంది.