మనవాళ్ళ కంపెనీ – షేర్లు కొనేముందు నాలుగు మాటలు

(ఇక్కడి తెలుగు రేడియోలో ఆదివారం ఉదయం ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం)



"ఇండియాలో షేర్లు కొనాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నేను ఆర్థిక సలహాదారుని కాను, కంప్యూటర్ల పని చేసుకునేవాణ్ణి. కాకపోతే ఈ విషయంలో ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను కాబట్టి, నాకు అర్థమైనంతవరకు చెప్తాను.

ముందు షేరంటే ఏమిటో చూద్దాం. మీ ఊళ్ళో కొందరు కలిసి పది లక్షలతో రైసుమిల్లు పెట్టారనుకోండి. వెయ్యి రూపాయల చొప్పున వెయ్యి వాటాలు. మీరు పది తీసుకుంటే మిల్లులో నూటికి ఒక వంతు మీది. లాభం పంచినప్పుడు మీకూ కొంత వస్తుంది, దాన్నే డివిడెండ్ అంటారు. మిల్లు బాగా ఆడుతోందని తెలిస్తే మీ వాటాని పన్నెండు వందలకి అడిగేవాళ్ళు వస్తారు. మిల్లు మూతపడితే మాత్రం అప్పులన్నీ తీర్చాక మిగిలిందే మీది. సాధారణంగా ఏమీ మిగలదు. షేరంటే ఇంతేనండీ. అది లాటరీ టికెట్టూ కాదు, బ్యాంకు డిపాజిట్టూ కాదు.

ఈ వాటాలు చేతులు మారే సంత స్టాక్ ఎక్స్ఛేంజ్. బొంబాయి ఎక్స్ఛేంజ్ 1875 నాటిది, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1990లలో వచ్చింది. సంతకి కాపలాదారు సెబీ, దానికి చట్టబద్ధమైన అధికారాలు 1992లో ఇచ్చారు. 1996 నుంచి కాగితాలు క్రమంగా పోతూ, షేర్లు డీమ్యాట్ ఖాతాలో అంకెలుగా ఉంటున్నాయి. సెన్సెక్స్ అంటే 30 పెద్ద కంపెనీల సగటు నాడి, నిఫ్టీ అంటే 50 కంపెనీలది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2009 జనవరి 7. నేను అప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగం వస్తే చాలనుకునేవాళ్ళు మా క్లాసులో సగంమంది. ఆ రోజు ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు, లెక్కల్లో చూపిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఉత్తరం రాశారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు సాయంత్రానికి 40కి పడింది. అంతకు కొద్ది నెలల ముందే మంచి నిర్వహణకి బహుమతి అందుకున్న కంపెనీ అది!

సరిగ్గా వారం తిరిగేసరికి, జనవరి 14న, ఇక్కడ కెనడాలో నార్టెల్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. 2000లో ఆ షేరు 120 డాలర్లు దాటింది. టొరంటో ఇండెక్స్ మొత్తం విలువలో మూడో వంతుకి పైగా ఆ ఒక్క కంపెనీదే. 2002 నాటికే డాలరు లోపుకి పడిపోయింది. ఉద్యోగమూ అక్కడే, దాచుకున్నదీ అక్కడే అయినవాళ్ళకి రెండూ ఒకేసారి పోయాయి.

ఒకటి మన ఊరి గర్వం, ఇంకోటి ఈ దేశపు గర్వం. రెండింటినీ జనం నమ్మింది "మనకి తెలిసిన కంపెనీ" అనే. కానీ తెలిసిన పేరు వేరు, తెలిసిన లెక్కలు వేరు.

ఇంత చూసి కూడా నేను నేర్చుకోలేదు. 2017లో విజయవాడ నుంచి మా బాబాయి ఫోన్ చేసి, "ఒరేయ్, చిన్న కంపెనీ, మనవాళ్ళదే, రెండేళ్ళలో మూడింతలవుతుంది" అన్నాడు. ఇల్లు కొనడానికి దాచిన దాంట్లోంచి పన్నెండు వేల డాలర్లు పంపాను. ఖాతా బాబాయి పేరు మీదే. ఆరు నెలలు పెరిగింది. బాబాయి అమ్మేద్దామంటే నేనే ఆగుదామన్నాను. 2018లో చిన్న కంపెనీల షేర్లు కూలినప్పుడు అదీ పడి, పదో వంతుకి చేరింది. అమ్ముదామన్నా కొనేవాడు లేడు.

డబ్బు పోతే పోయింది. బాబాయి ఏడాదిపాటు నాకు ఫోన్ చెయ్యలేదు. చెల్లెలి పెళ్ళికి వెళ్ళినప్పుడు పక్కకి పిలిచి, చేతిలో ఒక కవరు పెట్టబోయాడు. "వద్దామంటే ఆగుదామన్నది నేనే కదా బాబాయ్" అని తిరిగి ఆయన జేబులోనే పెట్టేశాను. అందుకే అందరికీ మొదట చెప్పేది ఇదే: బంధువుల పేరు మీద షేర్లు కొనకండి. నష్టమొస్తే ఇద్దరూ నలుగుతారు, లాభమొస్తే పన్నుల లెక్క చిక్కుముడవుతుంది.

మరి ఎలా కొనాలి? ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు ఇండియాలోని పాత సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలి. పాన్ కార్డు, ఎన్‌ఆర్‌ఐ డీమ్యాట్ ఖాతా ఉండాలి. మ్యూచువల్ ఫండ్లలో కొన్ని కెనడా, అమెరికా వాసుల దగ్గర డబ్బు తీసుకోవు, ముందే అడగండి. విదేశాల్లో పెట్టిన పెట్టుబడుల ఖరీదు లక్ష కెనడా డాలర్లు దాటితే ఇక్కడ టి1135 ఫారం వెయ్యాలి. ఇంత తలనొప్పి వద్దనుకుంటే, టొరంటో ఎక్స్ఛేంజ్‌లోనే ఇండియా కంపెనీల ఈటీఎఫ్‌లు దొరుకుతాయి. వాటిని టీఎఫ్‌ఎస్‌ఏ ఖాతాలో పెట్టుకుంటే లాభం మీద ఇక్కడ పన్ను ఉండదు.

కొత్తవాళ్ళకి ఇండెక్స్ ఫండ్ ఎందుకు మంచిదంటారో సత్యం కథలోనే ఉంది. సత్యం కూడా సెన్సెక్స్‌లో ఒకటి. ఆ వారమే దాన్ని తీసేసి ఇంకో కంపెనీని పెట్టారు. ముప్ఫై కంపెనీలూ ఉన్నవాడికి దెబ్బ తగిలింది కానీ ప్రాణం పోలేదు. అలాగని ఇండెక్స్ పడదని కాదు. 2008 జనవరిలో 20 వేల పైన ఉన్న సెన్సెక్స్ ఆ ఏడాదే 10 వేల కిందికి దిగింది. మళ్ళీ 80 వేలు దాటింది 2024లో. మధ్యలో డబ్బు అవసరం పడనివాడే ఆ ఫలితం చూశాడు. అయిదేళ్ళలోపు కావలసిన డబ్బు, పిల్లల ఫీజులు, ఇంటి డౌన్ పేమెంటు షేర్లలో పెట్టకూడదనేది అందుకే.

ఇంకోమాట, రూపాయి సంగతి. 2009 మొదట్లో కెనడా డాలరు 40 రూపాయల దరిదాపు, 2024లో 60 దాటింది. అప్పుడు వెయ్యి డాలర్లు పంపితే 40 వేలు. అది రెట్టింపై 80 వేలయినా, తిరిగి తెచ్చుకుంటే 1,300 చిల్లర డాలర్లే. అక్కడ రెట్టింపు, ఇక్కడ మూడో వంతు లాభం. ఇండియాలోనే ఖర్చుపెట్టే డబ్బైతే ఈ బెంగ లేదు.

ఈసారి ఎవరైనా ఫోన్ చేసి "మనవాళ్ళ కంపెనీ" అంటే, బాగున్నారా అని అడగండి, పిల్లల సంగతులు మాట్లాడండి. డబ్బు మాత్రం పంపకండి. అన్నట్టు మా బాబాయి ఇప్పుడు వారం వారం ఫోన్ చేస్తున్నాడు. షేర్ల ఊసు మాత్రం ఇద్దరం ఎత్తం.