పక్కవాద్య వైదుష్యం: దక్షిణ రాయలసీమ కచేరీ సంప్రదాయ నేపథ్యం

ఉపోద్ఘాతం:
కర్ణాటక సంగీత కచేరీలో గాయకునికి తోడుగా వాయించే వాద్యాలను పక్కవాద్యాలు అంటారు. పాశ్చాత్య శాస్త్రీయ గానంలో ఈ స్థానం ప్రధానంగా పియానోది. జీవితకాలమంతా గాయకులకు పియానో సహకారం అందించిన ఆంగ్ల విద్వాంసుడు జెరాల్డ్ మూర్ (1899–1987) తన ఆత్మకథకు ‘నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా?’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. తోడుగా ఉంటూనే తన ఉనికిని నిలుపుకోవడం ఎట్లా అన్న ప్రశ్న ఆ పేరులో ఉంది. పక్కవాద్య విద్వాంసులందరికీ ఎదురయ్యే ప్రశ్న అదే.

సహకార స్వరూపం:
పియానో విద్వాంసునికి స్వరలిపి ముందే చేతిలో ఉంటుంది. వయొలిన్ విద్వాంసునికి ఆ వెసులుబాటు లేదు. గాయకుడు ఏ రాగం ఎత్తుకుంటాడో తరచుగా వేదికపైనే తెలుస్తుంది. ఆలాపనలో గాయకుని సంచారాన్ని నీడవలె అనుసరించాలి. తన వంతు వచ్చినపుడు స్వతంత్రంగా రాగాన్ని విస్తరించాలి. అయినా గాయకుడు నిర్మించిన భావాన్ని చెదరగొట్టరాదు. నెరవు, కల్పనస్వరాలలో అప్పటికప్పుడే బదులివ్వాలి. కనుక పక్కవాద్యం అనుకరణ కాదు, ఆశువైదుష్యం.

‘ఫుల్ బెంచ్’ కచేరీలు:
కాంచీపురం నాయనా పిళ్ళై లయప్రధానమైన కచేరీలలో వయొలిన్, మృదంగాలతోపాటు కంజీర, ఘటం, మోర్సింగ్, కొన్నక్కోల్ వంటివి కొలువుతీరేవి. న్యాయమూర్తులందరూ కూర్చున్న ధర్మాసనంతో పోల్చి వీటిని ‘ఫుల్ బెంచ్’ కచేరీలన్నారు. ఇక్కడ పక్కవాద్యాలు అలంకారం కావు. గాయకుని లెక్కలను పరీక్షించే శక్తులు. ఈ గురువు వద్ద శిక్షణ పొందిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై 1954లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి గౌరవం అందుకున్నారు.

గుర్తింపు:
ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) పక్కవాద్యంగా పేరొందిన వయొలిన్‌కు ప్రధాన వాద్యస్థాయి కల్పించినవారిలో అగ్రగణ్యులు. ఆయన 1941లో అదే అకాడమీ సదస్సుకు అధ్యక్షత వహించారు. మృదంగ విద్వాంసునికి సంగీత కళానిధి లభించడానికి మాత్రం 1966 వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఆ తొలి గౌరవం పాల్ఘాట్ మణి అయ్యర్‌ది. ‘ఫుల్ బెంచ్’ వేదికపై లయవాద్యాలకు దక్కిన ప్రాధాన్యం గౌరవాల పట్టికకు చేరడానికి దశాబ్దాలు పట్టిందన్నమాట. వయొలిన్ విషయంలోనూ ఏకవాద్య కచేరీ కీర్తికి దగ్గరి దారి అయింది గాని, తోడుగా వాయించడంలోని వైదుష్యానికి విడిగా కొలమానం ఏర్పడలేదు.

ముగింపు:
తిరుమల తిరుపతి దేవస్థానం 1959లో తిరుపతిలో స్థాపించిన శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల గాత్రంతోపాటు వయొలిన్, మృదంగం వంటి వాద్యాలను బోధిస్తున్నది. అక్కడ వయొలిన్, మృదంగం నేర్చినవారి వృత్తిజీవితం అధికభాగం ఇతరుల పక్కన కూర్చునే సాగుతుంది. అందువల్ల వినడం, వేచి ఉండడం, సమయస్ఫూర్తితో బదులివ్వడం అనే మూడు నైపుణ్యాలను సంగీత విద్యాసంస్థలు ప్రత్యేక పాఠ్యాంశంగా బోధించి, గాయకునితో కలిపి పరీక్షించడం సముచితం. పక్కవాద్య విద్వాంసుని ప్రతిభను ఏకవాద్య కచేరీతో మాత్రమే తూచితే, అతడు జీవితకాలం సాధన చేసిన విద్యలో ప్రధాన భాగం లెక్కలోకి రాదు.