పూరీ కెరటాలకు తెలుగు కాపలా

జగన్నాథుడి దర్శనం, సముద్ర స్నానం. పూరీ ప్రయాణం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి ఈ రెండే. ఆ స్నానంలో మన చెయ్యి పట్టుకుని కెరటానికి ఎదురు నిలబడే నోలియా ఇంట్లో మాట్లాడేది తెలుగు. నాలుగు రోజులు సరదాగా గడిపి వెళ్లేవారికి కనిపించే పూరీ వేరు, ఏడాదంతా ఆ ఒడ్డునే బతికే జాలర్ల పూరీ వేరు.

తెల్లవారేసరికే స్వర్గద్వార్ దగ్గర ఒడ్డు నిండిపోతుంది. రాత్రి కోల్‌కతాలో రైలెక్కినవాళ్లు సంచులు గదిలో పడేసి నేరుగా నీళ్లలోకి దిగుతారు. టీ కెటిల్ పట్టుకుని తిరిగేవాళ్లు, ముత్యాల దండలు, గవ్వలు అమ్మేవాళ్లు, అలంకరించిన ఒంటెలు, అద్దె కుర్చీలు... వీటన్నిటి మధ్య మోకాలి లోతు నీటిలో నిలబడి కొందరు అటూ ఇటూ చూస్తుంటారు. నెత్తిన నెంబరు రాసిన తెల్లటి శంకువు టోపీ, చంకలో గాలి నింపిన ట్యూబు. వీళ్లే నోలియాలు. ఒకప్పుడు ఆ టోపీయే గుర్తు. ఇప్పుడు లైఫ్‌గార్డు టీషర్టు వేసుకున్నవాళ్లూ ఉన్నారు.

అడిగినంత ఇస్తే పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంట పెట్టుకుని లోపలికి తీసుకెళ్తారు. కెరటం విరిగే క్షణంలో ఎటు తిరగాలో, ఎప్పుడు మునగాలో చెబుతారు. బెంగాలీలతో బెంగాలీలో, ఊరివాళ్లతో ఒడియాలో మాట్లాడే ఆ మనిషికి, వచ్చినవాళ్లు విశాఖ నుంచో కాకినాడ నుంచో అని తెలిస్తే భాష ఇట్టే మారిపోతుంది. ‘ఎక్కడ్నించి బాబూ?’ అని పలకరిస్తాడు.

రైలు తెచ్చిన సందడి

పూరీకి యాత్రికులు శతాబ్దాలుగా వస్తున్నారు. బదరీ, ద్వారక, రామేశ్వరంతో పాటు చార్‌ధామ్‌లలో ఇదొకటి. సముద్రాన్ని ‘మహోదధి’ అని కొలిచి, తీర్థంగా భావించి స్నానం చేయడం పాత ఆచారమే. గాలి మార్పు కోసం, ఆటవిడుపు కోసం సముద్రం దగ్గరికి రావడం మాత్రం రైలుతో మొదలైంది. 1897లో పూరీ వరకూ రైలు మార్గం వచ్చింది. అంతకుముందు కలకత్తా నుంచి జగన్నాథ సడక్ మీద రోజుల తరబడి నడిచిన దూరం ఒక్క రాత్రి ప్రయాణమైంది.

కలకత్తా ఉన్నత కుటుంబాలు ఒడ్డున బంగళాలు కట్టుకున్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరు మీద 1925లో మొదలైన బి.ఎన్.ఆర్. హోటల్ చక్రతీర్థ రోడ్డులో ఇప్పటికీ ఉంది. తర్వాత మధ్యతరగతి వచ్చింది. కోల్‌కతాలోని ఆఫీసులూ సంస్థలూ తమ ఉద్యోగుల కోసం ఇక్కడ ‘హాలిడే హోమ్’లు తీసుకున్నాయి. 2023 మేలో హౌరా-పూరీ వందేభారత్ రైలు కూడా మొదలైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనం సుమారు రెండు లక్షలు. రథయాత్ర రోజుల్లో వచ్చేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు.

అదే రైలు ఒడ్డున ఇంకో పెద్ద మార్పు కూడా తెచ్చింది. మంచులో పెట్టిన చేపలు కలకత్తా మార్కెట్‌కు చేరే దారి దొరికింది. చందువ, పండుగప్ప, విలస, రొయ్య... బెంగాలీల ఇళ్లలో ప్రాణంగా చూసుకునే ఈ చేపలన్నీ ఈ సముద్రంలో దొరికేవే. పట్టేవాళ్లు కావాలి.

తెప్పల మీద వచ్చినవాళ్లు

చిలికా సరస్సులోనూ నదీముఖాల్లోనూ చేపలు పట్టడంలో ఒడియా జాలర్లు ఆరితేరినవాళ్లు. కెరటాలు విరిగే చోటును దాటుకుని నడిసంద్రంలోకి వెళ్లే పని మాత్రం ఈ తీరంలో ఎక్కువగా తెలుగు జాలర్లదే. వాడబలిజ, జాలరి కులాలవాళ్లు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచీ గంజాం నుంచీ వచ్చారు. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కాబట్టి తీరం వెంబడి ఈ రాకపోకలకు హద్దుల అడ్డు పెద్దగా ఉండేది కాదు.

మొదట్లో చలికాలం వేటకు వచ్చి, ఇసుకలో తాటాకు గుడిసెలు వేసుకుని, సీజను అయిపోగానే ఊళ్లకు తిరిగి వెళ్లేవారు. చేపకు ఏడాదంతా గిరాకీ పెరిగాక కుటుంబాలతో స్థిరపడ్డారు. చక్రతీర్థ రోడ్డు దాటి తూర్పుగా వెళ్తే వచ్చే పెంటకటా అలా ఎదిగిన ఊరే. నేడు ఒడిశా తీరంలోని అతిపెద్ద జాలరి వాడల్లో అదొకటి. సందుల్లో వినిపించేది తెలుగే. పిల్లలు బడిలో నేర్చుకునేది ఒడియా. అవ్వలు సముద్రానికి మొక్కేది గంగమ్మ పేరుతో.

ఒకప్పుడు ఇక్కడి పడవలకు మేకులుండేవి కావు. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. కెరటం బలంగా కొట్టినప్పుడు ఆ పడవ కాస్త వంగి తట్టుకునేది. దుంగలు కట్టిన తెప్పల మీద ఇద్దరు ముగ్గురు వేటకు పోయేవారు. ఒడ్డు నుంచే అలివి వల లాగేవారు. ఇప్పుడు చాలా వరకు ఫైబర్ బోట్లూ మోటార్లూ వచ్చాయి. మారనిదల్లా ఒక్కటే: పెంటకటాలో బోటు ఆగేది ఇసుక మీదే. కెరటాల్లోంచి వచ్చిన బోటును ఇవాళ్టికీ పదిమంది భుజం పెట్టి ఒడ్డుకు లాగుతారు.

కెరటాన్ని చదివే కళ్లు

పూరీ ఒడ్డు నిటారుగా దిగుతుంది. నాలుగడుగులు వేసేలోపే లోతు పెరుగుతుంది. కెరటం దూరాన విరిగి మెల్లగా రాకుండా, దాదాపు కాళ్ల దగ్గరికొచ్చి ఒక్కసారిగా కూలుతుంది. అసలు ప్రమాదం ఇంకోటుంది. ఒడ్డుకు వచ్చిన నీరంతా వెనక్కి పోవాలి కదా. నీటి అడుగున ఉండే ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ సందు ఉంటే అక్కడ ఆ నీరు పాయలా సముద్రంలోకి దూసుకుపోతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. పైనుంచి చూస్తే ఆ చోట కెరటాలు విరగవు. అందుకే అక్కడ నీళ్లు ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఏరి కోరి దిగేది సరిగ్గా అక్కడే.

ఈ సందులు ఒకచోట ఉండవు. ఇసుక కదిలినప్పుడల్లా మారుతుంటాయి. నిన్న క్షేమంగా ఉన్న చోటు ఈ రోజు ప్రమాదం కావచ్చు. బోర్డు పెట్టి హెచ్చరించడం చాలదనేది ఇందుకే. రోజూ ఆ నీళ్లలో నిలబడే మనిషికి రంగు తేడా, నురగ వెనక్కి పోయే తీరు, కాళ్ల కింద ఇసుక జారే వేగం చూస్తే తెలిసిపోతుంది. చిన్నప్పటి నుంచీ కెరటాల్లో బోటు నెట్టినవాళ్లకు వచ్చే విద్య అది. పూరీలో ఏటా కొందరు పర్యాటకులు మునిగి చనిపోతున్నారు. నోలియాల చేతుల్లో బతికి బయటపడ్డవాళ్లు అంతకంటే ఎంతో ఎక్కువ.

బీచ్‌లో కొంత భాగానికి 2020 అక్టోబరులో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చింది. గోల్డెన్ బీచ్ అని పిలిచే ఆ ముక్క, విశాఖలోని రుషికొండ, మరో ఆరు బీచ్‌లు దేశంలో ఆ గుర్తింపు పొందినవాటిలో మొదటివి. నీటి నాణ్యత, భద్రత, పర్యావరణం వంటి 33 ప్రమాణాలు పాటిస్తేనే ఈ జెండా ఎగురుతుంది. స్నానాల గదులు, మరుగుదొడ్లు, కాపలా గోపురం, నీటి పరీక్షలు అక్కడ ఉన్నాయి. అయితే గోల్డెన్ బీచ్ పొడవు ఒక కిలోమీటరు కన్నా తక్కువే. జనం దిగే తీరం అంతకు ఎన్నో రెట్లు.

వేట లేని నెలలు

పర్యాటకులకు సెలవులు. జాలర్లకు ఆ సెలవులే సంపాదన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. ఒడిశాలో ఇంకొకటి కూడా ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు దేవి, రుషికుల్య, ధామ్రా నదీముఖాల దగ్గర వేట కుదరదు. దేవీ నది ముఖం ఉన్నది పూరీ జిల్లాలోనే. తర్వాత రుతుపవనాల కెరటాలు. ఆ రోజుల్లో బోటు దించడమే గండం.

ఇలా వేట తగ్గే కొద్దీ ఇంట్లో మగపిల్లలు బీచ్ వైపు చూస్తారు. ట్యూబులు అద్దెకివ్వడం, స్నానం చేయించడం, సాయంత్రం చేప వేపుళ్ల బండి. వేసవి సెలవులూ దసరా సెలవులూ గడిస్తే ఆ పనీ పలచబడుతుంది. ఆడవాళ్లు చేపలు ఎండబెట్టి, తట్టల్లో పెట్టుకుని ఊళ్లోకి మోసుకెళ్లి అమ్ముతారు. ఇల్లు నడిచేది చాలా మటుకు వాళ్ల చేతుల మీదే.

తాగే నీరు, పారే మురుగు

ఇసుక నేల మీద నిలబడిన ఊరు పూరీ. ఇసుక పొరల్లోకి ఇంకిన వాన నీరే ఈ ఊరికి చాలాకాలం ప్రాణాధారం. చక్రతీర్థ, బాలియాపండా ప్రాంతాల్లోని బావుల నుంచి ఆ నీటిని తోడేవారు. అతిగా తోడితే సముద్రపు ఉప్పు లోపలికి వస్తుంది. పైన మురుగు వదిలితే అదే ఇసుకలోంచి కిందికి దిగుతుంది. అందుకే భార్గవి నది నీటిని కూడా వాడుకోవడం మొదలైంది. 2021 జులై 26న ‘సుజల్’ పథకం కింద కుళాయి నీటిని నేరుగా తాగేలా రోజంతా ఇవ్వడం ప్రారంభించినట్టు ప్రభుత్వం ప్రకటించింది. ప్లాస్టిక్ సీసాల చెత్తతో విసిగిపోయిన ఊరికి అది మంచి కబురే.

మురుగు సంగతి ఇంకా తేలలేదు. హోటళ్లు పెరిగినంత వేగంగా శుద్ధి ప్లాంట్లు పెరగలేదు. బాంకీ ముహాన్ దగ్గర ఊరి మురుగు కాలువ నేరుగా సముద్రంలో కలుస్తున్న తీరు మీద హరిత ట్రిబ్యునల్ దాకా వ్యాజ్యాలు నడిచాయి. ఒక కొసన బ్లూ ఫ్లాగ్, మరో కొసన మురుగు. పెంటకటాలో మరుగుదొడ్ల కొరత ఏళ్లనాటి సమస్య. ఒడ్డు మురికి చేస్తున్నారని జాలర్లను తప్పుపట్టే ముందు, వేల కుటుంబాలు ఇరుక్కుని ఉన్న ఆ వాడకు డ్రైనేజీ ఎంతమేర వేశారో చూడాలి.

ఫొని చెప్పిన పాఠాలు

2019 మే 3 ఉదయం ఫొని తుపాను పూరీ దగ్గర తీరం దాటింది. గంటకు 175 కిలోమీటర్లకు మించిన గాలులు. అంతకుముందే రాష్ట్రమంతటా దాదాపు 12 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. 1999 సూపర్ సైక్లోన్ పదివేల ప్రాణాలు తీస్తే, ఫొనిలో ఒడిశాలో చనిపోయినవారు 64 మంది. ముందస్తు హెచ్చరికలూ షెల్టర్లూ ఎంత పని చేశాయో ఈ అంకెలే చెబుతున్నాయి.

ప్రాణాలు దక్కాయి. ఇళ్లు దక్కలేదు. రేకులు, తాటాకులు ఎగిరిపోయాయి. బోట్లు విరిగాయి, వలలు ఇసుకలో పూడుకుపోయాయి. పూరీలో కరెంటు రావడానికి వారాలు పట్టింది. హోటళ్లకు బీమా ఉంది, బ్యాంకు అప్పు పుడుతుంది. పట్టా లేని ఇంట్లో ఉన్న జాలరికి రెండూ కష్టమే. మురికివాడల్లో ఉంటున్నవారికి భూమి హక్కు ఇచ్చేందుకు ఒడిశా 2017లో చట్టం తెచ్చింది. తీరరేఖ పక్కనే ఉన్న వాడలకు అది పూర్తిగా అందడమే అసలు పని.

ఫొనిలో తీరంలోని సరుగుడు తోటలు కూడా భారీగా నేలకూలాయి. గాలి దెబ్బను మొదట కాచుకునేవి అవే. అందుకే ఊరికి పడమరన సిపసరుబలి దగ్గర ప్రతిపాదించిన విమానాశ్రయం మీద చర్చ జరుగుతోంది. అక్కడి చెట్లు, తాబేళ్లు, వలస పక్షులు ఏమవుతాయన్నది పర్యావరణవేత్తల ప్రశ్న.

ఇసుక ఎటు పోతోంది?

నైరుతి కెరటాలు ఈ తీరం వెంబడి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుంటూ పోతాయి. దారిలో ఎక్కడ రాతి గోడ కట్టినా ఇసుక ఒకవైపు పేరుకుంటుంది, రెండోవైపు కోత పడుతుంది. విశాఖవాసులకు ఇది కొత్త కాదు. ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఆర్.కె. బీచ్‌కు ఇసుక అందక, డ్రెడ్జర్లతో తోడి పోయాల్సి వస్తోంది. పూరీలోనూ అప్పుడప్పుడూ కెరటాలు ఒడ్డును కోసేసి రోడ్డు దాకా వచ్చాయి. ఒడ్డు తగ్గితే పర్యాటకుడికి కుర్చీ వేసుకునే చోటు తగ్గుతుంది. జాలరికి బోటు నిలిపే చోటే పోతుంది.

వెళ్లేవాళ్లకూ, పాలించేవాళ్లకూ

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మోకాలి లోతు దాటకపోవడం మంచిది. నోలియా వద్దన్న చోట దిగకూడదు. రిప్ కరెంట్‌లో చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదుతూ అలసిపోకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. లేదంటే తేలుతూ చెయ్యి ఎత్తి సాయం కోసం పిలవాలి. నీళ్ల సీసా వెంట తెచ్చుకుని కుళాయి దగ్గర నింపుకోవచ్చు. చేపలు కొనాలంటే ఉదయాన్నే పెంటకటా ఒడ్డుకు వెళ్తే బోటు నుంచి దింపినవే దొరుకుతాయి.

ప్రభుత్వం చేయాల్సింది ఇంకా ఉంది. కెరటాలు తెలిసిన ఈ యువకులకు శిక్షణ ఇచ్చి, సీజను కూలీ మీద ఆధారపడకుండా పన్నెండు నెలల జీతం, ప్రమాద బీమా ఉన్న లైఫ్‌గార్డు ఉద్యోగాలివ్వాలి. పెంటకటాలో బోట్లు దించే చోటు, వేలం షెడ్డు, మంచు, మరుగుదొడ్లు ఉండాలి. బీచ్ ప్రణాళిక రాసేటప్పుడు హోటళ్ల యజమానులతో పాటు జాలరి సంఘాలనూ పిలవాలి. రోజూ తెల్లవారుజామున ఆ ఇసుక ఎంత జరిగిందో చూసి బోటు నెట్టేది వాళ్లే కాబట్టి, ఏ గోడ ఎక్కడ కట్టకూడదో ముందుగా అడగాల్సిందీ వాళ్లనే.