“గుమ్‌నామ్” చిత్రమూ, పాతబస్తీ ప్రేక్షకులూ

రహస్యకథాచిత్రం చూసి వెలుపలికి వచ్చిన ప్రేక్షకుణ్ణి “ఎలా ఉన్నది?” అని అడగండి. అతడు చెప్పేది చాలవరకు చిత్రాన్ని గురించి కాదు, తన ఊహను గురించి. సగంలోనే హంతకుణ్ణి పట్టుకున్నవాడు “ఏమున్నదందులో?” అంటాడు. ఊహ తప్పినవారిలో కొందరు కథకుని నేర్పును మెచ్చుకుంటారు. కొందరు తమను మోసపుచ్చారని కోపగిస్తారు. అభిప్రాయాలు మూడయినా కొలబద్ద ఒక్కటే. హైదరాబాదు పాతబస్తీలో మాత్రం ఒక చిత్రం విషయంలో దీనికి తోడు మరొక కొలబద్ద వచ్చి చేరుతుంది. అది భాష.

1965లో వచ్చిన “గుమ్‌నామ్” అనే హిందీ చిత్రాన్ని ఎన్. ఎన్. సిప్పీ నిర్మించగా రాజా నవాథే దర్శకత్వం వహించాడు. మనోజ్ కుమార్, నందా, ప్రాణ్, హెలెన్, మహమూద్, మదన్ పురీ, తరుణ్ బోస్, ధుమాల్ మొదలైన ప్రసిద్ధులందరూ ఒకే కప్పు కింద చేరిన చిత్రమది. విదేశయాత్రను బహుమతిగా పొందిన ఏడుగురు విమానమెక్కుతారు. ఇంజను చెడినదని విమానం ఒక నిర్జన ప్రదేశంలో దిగి, వారినీ, ఒక విమానోద్యోగినీ అక్కడే విడిచి ఎగిరిపోతుంది. దిక్కుతోచక నడిచినవారికి ఒక పాత భవనమూ, అందులో ఒక బట్లరూ కనిపిస్తారు. ఆపైన ఒక్కొక్కరే హతులవుతుంటారు.

ఈ పన్నుగడ ఆగథా క్రిస్టీ 1939లో ప్రకటించిన నవల నుండి వచ్చినదని ఆ నవల చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇందులోని కిటుకు నిజానికి ఒక చిన్న లెక్క. పదిమంది ఉన్న ఇంట అనుమానం పది పాళ్ళయి, ఒక్కొక్కరి మీద పలుచగా ఉంటుంది. ఒకరు చనిపోగానే వారి పాలు మిగిలినవారికి చేరుతుంది. చివర మిగిలిన ఇద్దరు ముగ్గురి మీద అది మోయలేని బరువవుతుంది. నేరపరిశోధకుడు లేడు కనుక ఆ పని చూసేవారే చేసుకోవాలి. 1943లో నాటకంగా మార్చినప్పుడు రచయిత్రి తానే ముగింపును మార్చివేసినది. 1945లో రెనె క్లేర్ తీసిన చిత్రం ఆ మారిన ముగింపునే అనుసరించినది. కాబట్టి నవల చదివి వెళ్ళినవారికైనా ధీమా లేదు.

మన చిత్రాలలో ఈ బిగువుకు పాటలు అడ్డు వస్తాయన్న ఫిర్యాదు ఉన్నది. సగం నిజమే. ప్రాణభయంతో ఉండవలసినవారు సముద్రతీరాన నృత్యగీతం అందుకుంటే పట్టు సడలక మానదు. కాని లతా మంగేష్కర్ గొంతున ఉండి ఉండి వినవచ్చే శీర్షికగీతం అటువంటిది కాదు. ఆ ఇంట కంటికి కనబడని మరొక మనిషి ఆ పాట. చిత్రం చూడకుండా రేడియోలో విన్నవారికి కూడా ఆ గుబులు తెలుస్తుంది. సంగీతం శంకర్–జైకిషన్‌లది. వారిలో శంకర్ బాల్యం హైదరాబాదులోనే గడిచినదన్న సంగతి ఈ ఊరివారు ఇష్టంగా చెప్పుకుంటారు.

ఇక ఆ బట్లరు. మహమూద్ ఆ పాత్రకు హైదరాబాదీ యాస పెట్టాడు. ‘వద్దు’ అనడానికి ‘నక్కో’ అనీ, ‘అవును’కు ‘హౌ’ అనీ, ‘ఎందుకు’కు ‘కైకూ’ అనీ చార్మినారు చుట్టుపట్ల వినవచ్చే దక్కనీ అది. శాలిబండ, లాల్‌దర్వాజా, గౌలిపురాల తెలుగు కుటుంబాలకు కూడా అది పరాయిది కాదు. బజారులో బేరం చాలవరకు ఆ మాటలోనే సాగుతుంది. బొంబాయి తెర మీద అది వినబడగానే పొంగిపోయినవారున్నారు. కష్టపెట్టుకున్నవారూ ఉన్నారు. 1591లో ఈ నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన భాష నవ్వులాటకే పనికివచ్చినదా, నాయికానాయకులు నాగరికమైన హిందీ మాట్లాడుతుండగా మన మాట నౌకరు నోటనే ఎందుకుండాలి, అందుకు తోడు అతని నల్లని మేని మీద ఒక హాస్యగీతం కూడానా అని వారి బాధ. ఈ బాధను కొట్టివేయడానికి వీలులేదు. ఆ తరువాత హిందీ చిత్రాలలో హైదరాబాదీ యాస తరచు హాస్యగాడి పాలే అయినది.

అయినా ఈ చిత్రంలో ఆ యాసకు మరొక పని ఉన్నదని నా అభిప్రాయం. ఆ ఇంట ముందునుంచి ఉన్నవాడు బట్లరే. తాళపుచెవులూ వంటగదీ అతనివే. న్యాయంగా మొదటి అనుమానం అతని మీదనే పడాలి. పరవూరివానికి అతని యాస కూడా వింతగా తోచి ఆ అనుమానాన్ని పెంచవచ్చు. పాతబస్తీవానికి అది మేనమామ పలుకు; వినగానే నవ్వి, విచారణ లేకుండానే అతణ్ణి విడుదల చేస్తాడు. ఒకే చిత్రం, ఒకే పాత్ర. రెండు ఊళ్ళలో రెండు తీర్పులు. ఏ తీర్పు నిలిచినదో ఇక్కడ చెప్పడం భావ్యం కాదు.

చెప్పకపోవడమనే ఈ మర్యాదకు రేడియోతో ఒక చుట్టరికం ఉన్నది. 1947 మే 30న, రాణీ మేరీ 80వ జన్మదినానికి, క్రిస్టీ వ్రాసిన చిన్న నాటికను బి.బి.సి. ప్రసారం చేసినది. అదే పెరిగి “ది మౌస్‌ట్రాప్” నాటకమై 1952లో లండన్‌లో మొదలయినది. 2020లో మహమ్మారి వలన ఆగి, 2021లో తిరిగి ప్రారంభమయినది. ఆట ముగిసిన తరువాత, దోషి పేరు బయట చెప్పవద్దని ప్రేక్షకులను కోరడం అక్కడి ఆచారం. మన ఇళ్ళలో మొదటి ఆట చూసి వచ్చిన అన్నగారు భోజనాల దగ్గర పేరు చెప్పివేస్తాడు. మర్నాడు వెళ్ళవలసిన వదినగారికీ పిల్లలకూ మిగిలేవి పాటలు, హెలెన్ నృత్యమూ, ఆ బట్లరు యాసానూ.