మాల వేస్తే బీడీ బంద్.. తీయగానే మళ్లీ మొదలు! పొగ పూర్తిగా మానేది ఎవరు?

అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులూ బీడీ ముట్టని వాళ్లు తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో చాలామందే కనిపిస్తారు. మాల తీసిన కొన్నాళ్లకే టీ కొట్టు దగ్గర మళ్లీ అగ్గిపుల్ల గీసేవాళ్లూ ఉంటారు. మరి ఈ అలవాటును ఎవరు పూర్తిగా వదిలించుకోగలరు? ముందే చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి.

లేవగానే బీడీ కావాలా?

నిద్ర లేచిన అరగంటలోపే వెలిగిస్తున్నారంటే నికోటిన్‌కు బాగా అలవాటు పడినట్టే. ఐదు నిమిషాల్లోపే అయితే మరీ ఎక్కువ. మందుల సాయం ముఖ్యంగా కావాల్సింది వీళ్లకే. ఇంట్లో, పనిచేసే చోట పొగతాగే వాళ్లుంటే మానడం ఇంకా కష్టం. నికోటిన్ లేక వచ్చే చిరాకు, నిద్రలేమి మొదటి వారంలోనే ఎక్కువ. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. అంటే 41 రోజులు ఆగినవాళ్లు అసలు గండం దాటినట్టే! ఆ తర్వాత వెనక్కి లాగేది ఎక్కువగా టీ కొట్టు, స్నేహితులు, పాత అలవాటే.

అడిగే డాక్టర్ ఏరీ?

2016-17 జాతీయ సర్వే ప్రకారం ఏపీలో పెద్దవాళ్లలో 14.2 శాతం మంది పొగతాగుతున్నారు. దేశవ్యాప్తంగా చూస్తే పొగరాయుళ్లలో 55.4 శాతం మందికి మానాలనే ఆలోచన ఉంది. అంతకుముందు ఏడాదిలో ప్రయత్నించింది మాత్రం 38.5 శాతమే. వైద్యుల దగ్గరికి వెళ్లినవాళ్లలో మానమని సలహా అందింది 48.8 శాతం మందికి. అంటే సగం మందికి ఆ మాటే చెప్పలేదు. డాక్టర్ ఒక్క మాట చెప్పినా మానేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. అడగకపోతే మందు ఉందన్న సంగతే పల్లెకు చేరదు.

మందులు ఇవీ..

నికోటిన్ గమ్, ప్యాచ్, వరెనిక్లిన్, బుప్రోపియాన్ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సిఫార్సు చేసింది. గమ్‌ను చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు. కాస్త నమిలి, ఘాటు తెలియగానే బుగ్గన పెట్టుకోవాలి. దానికి 15 నిమిషాల ముందు నుంచి టీ, కాఫీ తాగొద్దు. వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు డాక్టర్ చీటీతోనే తీసుకోవాలి. ఫిట్స్ ఉన్నవాళ్లు బుప్రోపియాన్ వాడకూడదు.

ఊళ్లోని పీహెచ్‌సీలో గానీ, తిరుపతి రుయా ఆసుపత్రి ఛాతీ వైద్యులను గానీ మీరే అడగండి. జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనూ సలహా ఇస్తారు. ఒకసారి మాని మళ్లీ మొదలుపెట్టినా ఓడిపోయినట్టు కాదు. చాలామంది పలుమార్లు ప్రయత్నించిన తర్వాతే మానగలిగారు.